పోగు తీసిన చీర

నేను కొత్త బట్టలు కొనడం మానేసి చాలా ఏళ్ళయింది. మా ఆఫీసులో కుర్రపిల్లలకు ఆ సంగతి తెలిసిన రోజు నాకు ఉన్నట్టుండి గౌరవం వచ్చిపడింది. బెళ్ళందూరు రింగు రోడ్డు మీది అద్దాల భవనంలో జీతాల లెక్కలు చూసే నలభై దాటిన ఆడమనిషిని అప్పటిదాకా ఎవరూ పట్టించుకున్న పాపాన పోలేదు. ఆ రోజు నుంచి లిఫ్టులో నా కుర్తా అంచు పట్టుకుని, మేడమ్, ఇది కూడా త్రిఫ్టేనా అని అడగడం మొదలుపెట్టారు. వాడిన బట్టలు కొనుక్కుని భూమికి ఎంతో మేలు చేస్తున్నానని మెచ్చుకున్నారు. నిజం చెప్పాలంటే భూమి సంగతి నాకెప్పుడూ తట్టలేదు. నా మనసులో ఉన్నది మా పెద్దమ్మ.

పెద్దమ్మ అంటే మా అమ్మకు స్వయానా అక్క. ఆమెను చిక్కపేటలో బట్టల హోల్‌సేల్ కొట్టున్న ఇంటికి ఇచ్చారు. మా అమ్మను కాడుగోడిలో పెంకుల ఫ్యాక్టరీ గుమాస్తాకు ఇచ్చారు. అక్కచెల్లెళ్ళకు అంత తేడా ఎలా వచ్చిందని మా ఇంట్లో ఎవరూ అడిగేవాళ్ళు కాదు. పెద్దమ్మ వాళ్ళ కొట్లో తానులు నేల నుంచి కప్పుదాకా పేర్చి ఉండేవి. వాటిలోంచి ఒక్క మూర గుడ్డ మా ఇంటికి వచ్చినట్టు నాకు గుర్తు లేదు. కొట్లోది వ్యాపారం సరుకు, దాని జోలికి పోకూడదు. మాకు వచ్చేది సంచి.

ఉగాదికి ముందు ఒకటి, దసరాకు ముందు ఒకటి వచ్చేది. దాని నిండా పెద్దమ్మ కూతురికి పొట్టివైపోయిన బట్టలు. ఆ అక్క నాకంటే కొన్నేళ్ళు పెద్దది, ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. అందుకని ప్రతిదీ నాకు వదులే. అమ్మ కింద అంచును లోపలికి మడిచి కుట్టేది, నేను ఎదిగేకొద్దీ విప్పేది. విప్పిన చోటల్లా పాత మడత గీతలాగా నిలిచిపోయేది. ఆ గీతలు చూస్తే చాలు, అది ఎవరి బట్టో క్లాసులో అందరికీ తెలిసిపోయేది. అబద్ధం చెప్పను, అవి మంచి బట్టలు. మెత్తటి నూలు గౌన్లు, మైసూరు పట్టు లంగాలు, గుచ్చుకోని ఉన్ని స్వెట్టర్లు. మా నాన్న జీతానికి అలాంటి బట్టను ముట్టుకుని చూడటం కూడా కుదరదు. నాకు ఒళ్ళు మండేది కూడా అందుకే. చిరిగిపోయినవి పంపి ఉంటే విసిరికొట్టి ఏడ్చేదాన్ని.

మా వాళ్ళలో ఒక ఆచారం ఉంది. కట్టి విడిచిన బట్టను ఎవరికైనా ఇచ్చేసేటప్పుడు దాని అంచులోంచి ఒక పోగు లాగి ఇంట్లో ఉంచుకుంటారు. బట్ట వెంట ఇంటి కళ కూడా గడప దాటిపోకుండా ఉండటానికన్నమాట. చాలామంది ఏదో పేరుకు ఓ దారం తెంపి పారేస్తారు. మా పెద్దమ్మ అలా కాదు. సూది మొనతో ఒక పోగును పైకి లేపి, తెగకుండా ఓపికగా లాగి, వేలికి చుట్టి, దేవుడి గదిలో లక్ష్మి పటం వెనక దోపేది. ఏళ్ళ తరబడి దోపగా దోపగా అక్కడ రంగురంగుల ఉండ ఒకటి తయారై, పటం గోడకు ఆనకుండా ముందుకు వాలి ఉండేది. చిన్నప్పుడు నేను దాంట్లో నా బట్టలను వెతుక్కునేదాన్ని. ఆ పసుపుది నా గౌను, ఆ నీలంది నేను బడికి వేసుకెళ్ళే లంగా. కళ అంతా అక్కడే ఉంచుకుని మిగతాది మాకు పంపేవాళ్ళని నాకు నేనే చెప్పుకుని కుమిలిపోయేదాన్ని.

సంచి వస్తే అక్కడితో అయిపోయేది కాదు. కొత్త బట్ట కట్టుకుంటే పెద్దవాళ్ళ కాళ్ళకు మొక్కాలని అందరి ఇళ్ళలోనూ అంటారు. మా అమ్మ దాన్ని సంచి బట్టలకు కూడా వర్తింపజేసింది. వచ్చిన వారంలోగా అందులో ఒకటి తొడిగి, నన్ను బస్సెక్కించి చిక్కపేటకు తీసుకెళ్ళేది. తోపుడు బండ్లనూ నెత్తిన మూటలతో వచ్చే హమాలీలనూ తప్పించుకుంటూ సందుల్లో నడిచి, కొట్టు పైనున్న వాళ్ళ ఇంటికి మెట్లెక్కి, పెద్దమ్మ కాళ్ళకు మొక్కేదాన్ని. లేచాక ఆమె నన్ను రెండు భుజాలూ పట్టుకుని ఒక చుట్టు తిప్పేది. కింది అంచు ఎత్తి అమ్మ కుట్టు ఎలా వేసిందో చూసేది. ఇంటికి ఎవరైనా వచ్చి ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

"ఇది మా పాపది. చూడప్పా, ఎట్ల ఉండాదో. కొత్తదాని మాదిరే ఉండాది."

వచ్చినవాళ్ళు బట్టను చూసి తల ఊపేవాళ్ళు. దాని లోపల ఉన్న నన్ను చూసేవాళ్ళు కాదు. అక్క అయితే అసలు తలే ఎత్తేది కాదు, కిటికీలో కూర్చుని తన పాటికి తను ఏదో తింటూ ఉండేది. తన గౌను మరో పిల్ల ఒంటిమీద నడిచి వస్తే ఒక్కసారైనా చూడాలనిపించదా? ఆమెకు అనిపించేది కాదు. పెద్దమ్మ మాటలకంటే అక్క చూడకపోవడమే నాకు ఎక్కువగా గుచ్చుకునేది.

కాలేజీలో చేరిన ఏడు సంచి వద్దన్నాను. అమ్మ చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఉన్న రెండు జతలతో మూడేళ్ళు నెట్టుకొచ్చాను. అప్పుడే మనసులో ఒకటి గట్టిగా అనుకున్నాను. ఎప్పటికైనా పెద్దమ్మ ఎదుట, ఎవరూ ఇది మాది అనలేని బట్టలో నిలబడాలి. ఆమె నన్ను చూసి బాగుందనాలి. బట్టను కాదు, నన్ను. పెళ్ళయి, పిల్ల పుట్టి, నెత్తిన తెల్ల వెంట్రుకలు వచ్చిన మనిషికి ఇది పెద్ద ఆశయమా అంటే ఏం చెప్పను? కొందరు ఇల్లు కట్టాలనుకుంటారు, కొందరు కాశీ వెళ్ళాలనుకుంటారు. నాకు ఇది పట్టుకుంది.

ఉద్యోగం వచ్చాక కొత్త బట్టలు కొన్నాను, ఎందుకు కొనలేదు? మాల్‌లో బొమ్మకు తొడిగిన జతలే ఎత్తుకొచ్చాను. అవన్నీ నా ఒంటిమీద ఇంకా ఆ బొమ్మవిలాగే ఉండేవి. నాకేది నప్పుతుందో నాకు తెలియదని అప్పుడు అర్థమైంది. ఎలా తెలుస్తుంది? ఇరవై ఏళ్ళు వచ్చేదాకా ఏ రంగు కావాలని నన్ను అడిగిన మనిషి లేడు.

ఒక ఆదివారం పొద్దున చిక్కపేట దగ్గర రోడ్డు పక్కన పరిచే పాత బట్టల సంతలో నాకు ఒక జాకెట్ దొరికింది. నిజానికి నేను వెళ్ళింది కుక్కర్ మూత కోసం. టార్పాలిన్ మీద కుప్పగా పోసిన బట్టల్లోంచి ఇటుక రంగు చెయ్యి ఒకటి బయటికి కనిపించింది. లాగితే మందపాటి నూలు జాకెట్, చెక్క గుండీలు, లోపల ఒక రహస్యపు జేబు. అక్కడే నిలబడి తొడుక్కున్నాను. భుజాల దగ్గర సరిగ్గా కూర్చుంది. పాత బట్ట తొడుక్కుంటే ఒళ్ళంతా ముడుచుకుపోతుందేమోనని అనుకున్నాను, అలాంటిదేమీ జరగలేదు. ఇది ఎవరిదో నాకు తెలియదు, వాళ్ళకు నేను తెలియదు. నా వెనక నుంచి ఎవరూ అంచు ఎత్తి చూడరు. నేను ఎవరి కాళ్ళకూ మొక్కక్కర్లేదు. ఆ రోజు బస్సులో ఇంటిదాకా ఆ జాకెట్ విప్పలేదు, చెమట కారిపోతున్నా.

అలా మొదలైంది. మొదట్లో దొరికిందల్లా తెచ్చాను. కుర్చీ గలేబులాంటి పూల చొక్కా, ఎవరో ఆరడుగుల మనిషి కోటు, సన్నబడితే పడుతుందని కొన్న ప్యాంటు. మెల్లగా చెయ్యి తిరిగింది. తిరగేసి కుట్టు చూడటం, చంకలు వెలుతురుకు పట్టి చూడటం, గుడ్డను వేళ్ళ మధ్య నలిపి అది నూలో కాదో పోల్చుకోవడం నేర్చుకున్నాను. కాడుగోడి మార్కెట్లో ఒక దర్జీకి నా భుజాలూ నా తగాదాలూ రెండూ అలవాటయ్యాయి. మెరిసేది ఏదీ నాకు పనికిరాదని తెలిసింది. ముదురు ఆకుపచ్చ, ఇటుక రంగు, నేరేడు రంగు, ఈ మూడింట్లో నా ముఖం తేటగా కనిపిస్తుందని తెలిసింది. మోచేతిదాకా చెయ్యి, చిన్న కాలరు, తప్పనిసరిగా జేబు. బీరువా తెరిస్తే ఒకే మనిషివి అనిపించే బట్టలు కనిపించడం మొదలైంది. అంతకుముందు నా బీరువా సత్రంలాగా ఉండేది.

అమ్మకు ఇదంతా పిచ్చి ముదరడంగా తోచింది. నాన్న పోయాక ఆమె మాతోనే ఉంటోంది. నేను సంచితో గుమ్మంలోకి రాగానే చెంబులో పసుపు నీళ్ళు పట్టుకుని ఎదురొచ్చేది. తెలిసినవాళ్ళు ప్రేమగా పంపిస్తే వద్దన్నావు, ఎవరో చచ్చినవాళ్ళ గుడ్డలు మాత్రం ఎగబడి తెచ్చుకుంటావు అని గొణిగేది. చచ్చినవాళ్ళయితే మరీ మంచిదన్నాను ఒకసారి, వచ్చి అడగరు కదా అని. అమ్మ చెంపలేసుకుంది.

ఈ మధ్య పాత బట్టలకు కూడా దశ తిరిగింది. సంతలో కుప్పల్లో ఉండేవి ఇప్పుడు ఇస్త్రీ చేయించుకుని, చెట్ల నీడలున్న వీధుల్లో, అగరొత్తులు వెలిగించిన గదుల్లో హ్యాంగర్లకు వేలాడుతున్నాయి. ప్రేమగా వాడినవి అని ఇంగ్లీషులో చీటీ కట్టి పెడతారు. అంత ప్రేమ ఉన్నవాళ్ళు ఎందుకు వదిలించుకున్నారని మాత్రం ఎవరూ అడగరు. అక్కడికి వచ్చే పిల్లలు పాత బట్ట వేసుకుని మరీ ఫొటోలు దిగుతారు. వాళ్ళెవరూ దాన్ని వేసుకుని ఇచ్చినవాళ్ళ మెట్లెక్కి ఉండరు. వాళ్ళను చూస్తే నాకు అసూయా కోపమూ రెండూ కలుగుతాయి. అయినా వెళ్తాను. మంచి గుడ్డ ఎక్కడుంటే నా కాళ్ళు అక్కడికి పోతాయి.

అలాంటి ఒక కొట్లోనే ఆ చీర కనిపించింది. ముదురు ఆకుపచ్చ పట్టు, జరీ లేదు, సన్నటి ఇటుక రంగు అంచు. పక్కపక్కనే కిక్కిరిసిన హ్యాంగర్ల మధ్య నా చెయ్యి తిన్నగా దాని మీదికే వెళ్ళింది. భుజాన వేసుకుని అద్దంలో చూసుకుంటే నా వయసుకూ నా నలుపుకూ ఎవరో కొలిచి నేసినట్టు ఉంది. నా వెంట వచ్చిన మా అమ్మాయి, ప్లస్ టూ చదువుతున్న పిల్ల, ఫోను పక్కనపెట్టి మరీ చూసింది. పల్లూ చివర ఒక మూల సన్నటి గీతలాగా పోగు తప్పి ఉంది. అమ్మాయి అది చూపించి డ్యామేజేమో అంది. నేను పెద్ద తెలిసినదానిలా ముఖం పెట్టి, చేనేతకు అలాంటి చిన్న లోపం ఉంటుంది, అదే దాని ఆనవాలు, మరమగ్గం బట్టకు రాదు అని చెప్పాను. ఆ తర్వాత ఆఫీసులో కూడా ఇద్దరు ముగ్గురికి ఆ మూల చూపించి అదే పాఠం చెప్పాను.

కొన్ని నెలల తర్వాత అక్క బెళ్ళందూరులో కొత్త ఫ్లాట్ గృహప్రవేశానికి పిలిచింది. పెద్దనాన్న పోయాక చిక్కపేట కొట్టు అద్దెకిచ్చేసి, పెద్దమ్మ కూతురి దగ్గరే ఉంటోంది. పిలుపు రాగానే నాకు చీర గుర్తొచ్చింది. దానికి దర్జీ దగ్గర కూర్చుని ఇటుక రంగు జాకెట్టు కుట్టించాను, చిన్న కాలరు పెట్టి, మోచేతిదాకా చేతులతో. మెడలో ఏమీ వేసుకోలేదు. ఆ పొద్దున అద్దం ముందు నిలబడి, ఇన్నేళ్ళకు కుదిరిందని అనుకున్నాను. అద్దంలో ఉన్న మనిషి ఎవరి బట్టలోనూ దూరి నిలబడినట్టు లేదు.

ఫ్లాట్ నిండా జనం. లిఫ్టు దగ్గర నుంచే ఒకరిద్దరు చీర ఎక్కడిదని అడిగారు. పాలు పొంగించడం అయిపోయింది, పురోహితుడు దక్షిణ తీసుకుని వెళ్ళిపోయాడు. పెద్దమ్మ హాల్లో సోఫాలో కూర్చుని ఉంది, వచ్చినవాళ్ళంతా వరసగా కాళ్ళకు మొక్కుతున్నారు. పెద్దావిడ, ఇంటికి పెద్ద దిక్కు, మొక్కకపోతే బాగుండదు. నేనూ వంగాను. వంగినప్పుడు పల్లూ జారి ఆమె ఒళ్ళో పడింది. లేవబోతుంటే పల్లూ రాలేదు. దాని చివర ఆమె వేళ్ళ మధ్య ఉంది.

"ఏమప్పా, ఈ చీర ఎక్కడిది?" అంది.

ఆ ప్రశ్న కోసం నేను ఇరవై ఏళ్ళకు పైగా కాచుకుని ఉన్నాను. నా అంతట నేను కొనుక్కున్నానని చెప్పాను. గొంతులో గర్వం నాకే వినిపించింది. ఆమె వినిపించుకున్నట్టు లేదు. వెలుతురుకు పట్టి, చూపుడు వేలితో ఆ మూలను మెల్లగా తడిమింది. చూపు మందగించినా వేళ్ళకు మతిమరుపు రాలేదు.

"పోగు తీసుండాది. నేనే గదా తీసింది."

ఫ్లాట్ కొన్నప్పుడే, కొత్త ఇంటికి పాతవి ఎందుకని బీరువాలన్నీ ఖాళీ చేసి మూటలు కట్టి ఎవరో తీసుకుపోయేవాళ్ళకు ఇచ్చేశామని, ఇచ్చే ముందు చీరకొక పోగు తానే కూర్చుని తీశానని పక్కావిడకు చెప్పుకొచ్చింది. కోపంగా కాదు, వెటకారంగానూ కాదు. చాలా సంతోషంగా చెప్పింది. తప్పిపోయిన బంధువు సంతలో కనిపించినట్టు ఆ చీరను నిమిరింది. అప్పుడు నా వైపు తిరిగి, నా గడ్డం పట్టుకుంది.

"అడిగింటే ఊరికే ఇచ్చిందును గదప్పా. దుడ్డు పెట్టి కొనేది ఏంటికి?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. తప్పుగా నవ్వలేదు, ముసలావిడ మంచితనానికి నవ్వారు. పెద్దమ్మ అక్కను కేకేసి పిలిచి, నీ చీర దీనికి ఎంత బాగా ఒప్పిందో చూడమంది. అక్క కాఫీ కప్పుల ట్రేతో వచ్చి, మొదటిసారి, నా జన్మలో మొదటిసారి, నా ఒంటిమీది బట్టను పరకాయించి చూసింది.

"నాదా? నాకు గుర్తే లేదు. ఈ కలర్ నాకు సెట్ అయ్యేది కాదులే, ఒక్కసారి కూడా కట్టలేదేమో. నీకు చాలా బాగుంది, నిజంగా."

నిజంగానే అంది. అక్క చెడ్డమనిషి కాదు, ఆ ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. వాళ్ళు చెడ్డవాళ్ళయి ఉంటే నా బతుకు ఎంతో సులువుగా ఉండేది. ఆమె ఒక్కసారి కూడా కట్టని చీరను వెతికి పట్టుకుని, దానికి తగిన జాకెట్టు కుట్టించుకుని, ఎదురెళ్ళి వాళ్ళ కాళ్ళకు నేనే మొక్కాను. చిన్నప్పుడు అమ్మ చెయ్యి పట్టి లాక్కెళ్ళేది. ఈసారి క్యాబ్ బుక్ చేసుకుని మరీ వెళ్ళాను.

ఆ పోగు గీతను నేను పోల్చుకోలేకపోవడం తలచుకుంటే ఇప్పటికీ తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది. లోకంలో ఎవరికి తెలియకపోయినా నాకు తెలియాలి. అలాంటి గీతలున్న బట్టల్లోనే పెరిగాను. కాని కొట్లో అగరొత్తుల వాసన, చీటీ మీద ఇంగ్లీషు, నేను నేర్చుకున్న తెలివి, అన్నీ కలిసి అది చేనేత లోపమని చెప్పాయి. నేను నమ్మాను. నలుగురికి పాఠం కూడా చెప్పాను.

తిరిగి వస్తుంటే క్యాబ్‌లో మా అమ్మాయి ఇదంతా భలే కథ అని నవ్వుతూనే ఉంది. బెంగళూరులో ఇన్ని లక్షల చీరలుంటే మన చీరే మనకు దొరికిందని స్నేహితులకు మెసేజీలు పెట్టింది. అమ్మ ముఖం వెలిగిపోతోంది. అక్క చేతి బట్ట నీకు మొదట్నించీ అచ్చొచ్చింది, నువ్వు వద్దన్నా అదే వెతుక్కుంటూ వచ్చింది చూడు అంది. నేను కిటికీ అద్దం వైపు తిరిగి కూర్చున్నాను. ఏడిస్తే ఎందుకని అడుగుతారు, ఎందుకో చెప్పడానికి నా దగ్గర వాళ్ళకు అర్థమయ్యే మాట లేదు.

పది రోజులు కూడా గడవకముందే పెద్దమ్మ వాళ్ళ డ్రైవర్ వచ్చి గుమ్మంలో ఒక సంచి పెట్టి వెళ్ళాడు. అక్క బట్టలు, ఇల్లు మారాక మిగిలినవి. ఇక మీద కొనొద్దని, అడిగి తీసుకోమని పెద్దమ్మ ఫోనులో అమ్మకు చెప్పిందట. నేను తిప్పి పంపించేస్తానన్నాను. అమ్మ సంచి మీద రెండు చేతులూ వేసి, పెట్టిన చేతిని కాదనకూడదు, నా కంఠంలో ప్రాణం ఉండగా తిప్పి పంపనివ్వనంది. ఈలోగా మా అమ్మాయి సంచిలో చెయ్యి పెట్టి నల్లటి లినెన్ చొక్కా ఒకటి లాగి తొడుక్కుంది. అద్దం ముందు అటూ ఇటూ తిరిగింది. పిల్లకు అది ఎంత బాగుందో చెప్పలేను. ఆదివారం అది వేసుకుని పోయి పెద్దవ్వకు ఒకసారి చూపించి రా, సంతోషిస్తుంది అంది అమ్మ. సరే అవ్వా అంది పిల్ల, అదేమంత పెద్ద పనన్నట్టు.

"విప్పెయ్" అన్నాను.

అమ్మాయి తెల్లబోయి చూసింది. ఎవరో ఊరూపేరూ తెలియనివాళ్ళ బట్టలు వేసుకుంటావు కదమ్మా, వీళ్ళు మనవాళ్ళే కదా అంది.

"మనవాళ్ళు కాబట్టే" అన్నాను.

ఆ మాట దానికి అర్థం కాలేదు. అర్థం కాకూడదనే కదా ఇన్నాళ్ళూ దానికి ఏ సంచీ తగలకుండా పెంచాను. చొక్కా విప్పి మంచం మీద పడేసి, నీకు ఏదో అయింది అని గదిలోకి పోయి తలుపేసుకుంది. ఆదివారం అది వేసుకునే వెళ్ళింది. నేను ఆపలేదు. తిరిగొచ్చి, పెద్దవ్వ నన్ను గుండ్రంగా తిప్పి చూసింది, చాలా స్వీట్ అంది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

అది వెళ్ళిన ఆ పూటే, మిగతా సంచిని మూటగట్టి ఎవరికైనా ఇచ్చేద్దామని కింద కూర్చున్నాను. ఒక్కొక్కటే తీసి మడత పెడుతుంటే చేతులు ఆగిపోయాయి. నేరేడు రంగు కుర్తా. ఇటుక రంగు శాలువా. చిన్న కాలరున్న జాకెట్టు. మెరిసేది ఒక్కటి లేదు. కొట్లో కనిపించి ఉంటే వీటిలో ఏదీ వదిలేదాన్ని కాదు. ఇన్నేళ్ళూ కుప్పలు తిరగేసి, తప్పులు కొని, దర్జీతో తగువులాడి, నాదంటూ ఒక కన్ను సంపాదించుకున్నాననుకున్నాను. ఆ కన్ను తెరిచింది ఈ సంచే. మంచి నూలు ఎలా ఉంటుందో, పట్టు మెత్తన అంటే ఏమిటో, అంచుకు ఎంత వెడల్పు సరిపోతుందో నాకు నేర్పింది అక్క గౌన్లు తప్ప మరేమున్నాయి? ఏడుస్తూ తొడుక్కున్నా ఒళ్ళు నేర్చేసుకుంది. ఆ కొట్లో అంత కిక్కిరిసిన హ్యాంగర్ల మధ్య నా చెయ్యి తిన్నగా అక్క చీర మీదికి ఎందుకు వెళ్ళిందో అప్పుడు తెలిసింది.

చీరను కూడా మూటలో వేసేద్దామని బీరువాలోంచి తీశాను. ఇచ్చేసే ముందు పోగు తీయాలి కదా. నా జీవితంలో అప్పటిదాకా నేను ఒక్కసారి కూడా తీయలేదు. మా ఇంట్లో బట్టకు ఇంకొకరికి ఇచ్చే యోగం ఎప్పుడూ లేదు. పెద్దమ్మ తీసిన మూలను వదిలేసి, రెండో మూల దగ్గర సూది మొన పెట్టి పోగును పైకి లేపాను. పెద్దమ్మలాగే మెల్లగా, తెగకుండా లాగాను. పొడుగ్గా వచ్చింది. వేలికి చుట్టుకుని దేవుడి గూట్లో పటం వెనక దోపాను. ఒక్క పోగుకు పటం కదలనైనా కదల్లేదు.

మూట వెళ్ళిపోయింది. చీరను మాత్రం ఇవ్వలేకపోయాను. మళ్ళీ మడిచి బీరువాలోనే పెట్టాను. ఇప్పుడు దానికి రెండు మూలల్లోనూ పోగు లేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కట్టుకుని అద్దంలో చూసుకుంటాను. అక్క అన్నది నిజమే, అది నాకు చాలా బాగుంటుంది.